పడవల బండి కదలదు

కాలింగ్ బెల్ మళ్ళీ మోగింది.

తలుపు తీసింది అబిగెయిల్. గుమ్మంలో కింది వాటా జర్మన్ ఆవిడ ఫ్రావ్ క్రేమర్, మధ్యాహ్నం నుంచి ఆవిడ రావడం ఇది మూడోసారి.

"ఆ బండి నా గరాజ్‌కి అడ్డంగా ఉంది. మీ అమ్మ ఎప్పుడు తీస్తుంది?" అని జర్మన్‌లో అడిగింది.

పదకొండేళ్ళ పిల్ల వంటింట్లోకి తొంగి చూసింది. తల్లి ముఖం చూడగానే సమాధానం దొరికింది. "మామా జాగ్ట్ నైన్," అంది. అమ్మ తీయనంటోంది, అంతే.

లోపల్నుంచి తండ్రి డెరిక్ పరుగెత్తుకొచ్చాడు. సారీ చెప్పాడు, ఇంకోసారి సారీ చెప్పాడు, అరగంటలో తీయించేస్తానని తన చేతిలో లేని మాట ఇచ్చాడు. అది చాలదన్నట్టు, తన తల్లి పొద్దున వేసిన చేగోడీలు ప్లేటు నిండా పోసి ఆవిడ చేతిలో పెట్టాడు. పోట్లాటకొచ్చిన మనిషి చేగోడీలు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

డెరిక్ అంతే. గుమ్మం ఎక్కినవాళ్ళని ఒట్టి చేతులతో పంపడం అతనికి చేతకాదు.

కిటికీలోంచి చూస్తే వీధి సగం ఆ బండే కనిపిస్తోంది. ముందు రోయింగ్ క్లబ్బు వాను, వెనక పొడుగాటి ట్రైలర్, దాని మీద మూడంతస్తుల ఇనప చట్రంలో బోర్లించి కట్టిన పడవలు. ఎనిమిది మంది అమ్మాయిలు తెడ్లు వేసే పెద్ద పడవని రెండు ముక్కలుగా విప్పి పై అంతస్తులో కట్టారు. చివర్లో ఎర్రగుడ్డ వేలాడుతోంది. సాయంత్రానికల్లా అది హైడెల్‌బర్గ్ చేరాలి. రేపు పొద్దున అక్కడ రెగట్టా, కాలేజీల మధ్య పడవ పందేలు.

ఆ బండి హైడెల్‌బర్గ్ వెళ్ళకుండా ఇంటి ముందుకొచ్చి ఆగిందంటే, నడిపిన మనిషి తాళాల గుత్తి జేబులో వేసుకుని వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోందంటే, దానికి కారణం ఉంది.

నాలుగేళ్ళుగా కృపామణి ఆ కాలేజీ రోయింగ్ జట్టుకి హెడ్ కోచ్. పేరు పెద్దదే. చేతికొచ్చేది మాత్రం ఖర్చుల భత్యం అని నెలకి రెండొందల యాభై యూరోలు. కాలేజీ నిధులిస్తే అది పూర్తి జీతం ఉన్న ఉద్యోగం అవుతుందని క్లబ్బు ప్రెసిడెంటు లిండ్నర్ ఏటా చెబుతూ వచ్చాడు. ఆ మాట పట్టుకునే ఆమె ఫిజియోథెరపీ క్లినిక్‌లో సగం పూట పనితో సరిపెట్టుకుంది. ఇవాళ పొద్దున నిధులొచ్చాయి. ఉద్యోగమూ వచ్చింది. దాన్ని యోనాస్‌కిచ్చారు. తెడ్డు పట్టుకోవడం కూడా కృపామణి దగ్గరే నేర్చుకున్న కుర్రాడు యోనాస్.

హెడ్ కోచ్ పదవి మాత్రం ఆమెకే ఉంచారు. గౌరవార్థం.

*

ఫోన్లో కబురు వినగానే డెరిక్ బేరింగుల ఫ్యాక్టరీలో సగం పూట సెలవు పెట్టి ఇంటికొచ్చేశాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆగకుండా తిడుతూనే ఉన్నాడు.

"ఇది ఊరుకునే విషయం కాదు మణీ. లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటా. మన రంగు చూసి చేసిన పని ఇది. నాలుగేళ్ళు గొడ్డు చాకిరీ చేయించుకుని, తీరా జీతం వచ్చేసరికి వాళ్ళవాడికి ఇచ్చుకుంటారా?"

కృపామణి ఉల్లిపాయ తరుగుతోంది.

"పొద్దున్నే నీళ్ళ మీదకి వెళ్ళేది ఎవరు? చలికాలం మెషీన్ల మీద వాళ్ళ చేత చెమటలు కక్కించేది ఎవరు? సెమిస్టర్ మొదట్లో కాలేజీ క్యాంటీన్ ముందు నిలబడి, అన్నం తినడానికొచ్చే పిల్లల్ని బతిమాలి జట్టులో చేర్చేది ఎవరు?"

ఇంకో ఉల్లిపాయ తీసింది.

"పడవ పగిలితే అతుకులేసేది నువ్వు. మోటారు బోటులో డీజిల్ పోయించేది నువ్వు. పరీక్షలని ప్రొఫెసర్లు పిల్లల్ని వదలకపోతే వాళ్ళ కాళ్ళావేళ్ళా పడేది నువ్వు. ఆ ట్రైలర్ నడిపే లైసెన్స్ కూడా మన డబ్బులతోనే తీసుకున్నావు. క్లబ్బులో ఇంకెవడికైనా ఉందా ఆ లైసెన్సు?"

"లేదు," అంది కృపామణి. మధ్యాహ్నం నుంచి ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

భోజనాల బల్ల దగ్గర డెరిక్ తల్లి హెప్సీబమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నర్సాపురం మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరై, మనవరాలిని చూసి పోదామని మూడు నెలల వీసా మీద వచ్చింది. కొడుకు అరుపులు ఆవిడకి కొత్త కాదు. కోడలి మౌనమే కొత్త. చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని కోడలి వంకే చూస్తోంది.

"ఆ లిండ్నర్ గాడు ఇంటికి రానీ, మొహం మీదే అడిగేస్తా," అన్నాడు డెరిక్.

"వస్తాడు. నేనే మెసేజ్ పెట్టి రమ్మన్నాను," అంది కృపామణి. కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. "ఈలోగా నన్నొకటి అడగనివ్వండి. పోయినేడు క్లబ్బు సమ్మర్ ఫెస్ట్ రోజున, గ్రిల్ దగ్గర, లిండ్నర్‌తో మీరేం మాట్లాడారు?"

డెరిక్ ఉల్లిపాయ తొక్కలు ఏరి చెత్తబుట్టలో వేశాడు.

హెప్సీబమ్మ చిక్కుడుకాయ గిన్నెలో వేసింది.

"ఏదో... సవాలక్ష మాట్లాడుకుంటాం. నేను చికెన్ రోస్టు చేసి పట్టికెళ్ళా కదా, దాని మసాలా గురించి అడిగాడు."

"మసాలా తర్వాత?"

"గుర్తు లేదు."

"ఆయనకి బాగా గుర్తుంది. పొద్దున నాకు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఈ భత్యం మరీ తక్కువ, మీ భార్యకి ఇంతే ఇస్తున్నందుకు మాకు సిగ్గుగా ఉంది అన్నాడట. అప్పుడు మీరేమన్నారు?"

డెరిక్ తల్లి వైపు చూశాడు. తల్లి సాయం రాలేదు.

"అబ్బే, దానిదేముందండీ అన్నా. ఎవరైనా అంటారు మణీ. మన ఇంటికొచ్చి ఎవరైనా, అయ్యో మీకు తక్కువిచ్చామే అంటే, అవునండీ తక్కువే, ఇంకాస్త పడెయ్యండి అంటామా?"

"ఇంకా?"

"అంతే."

"అంతే కాదు. ఇది మా ఆవిడ సేవగా చేస్తోంది, మాకు డబ్బవసరం లేదు, దేవుడి దయవల్ల నా జీతం మాకు సరిపోతుంది అన్నారు. డబ్బవసరం ఉన్న కుర్రాళ్ళెవరైనా ఉంటే చూడండి అని కూడా అన్నారు."

"మర్యాదకి అన్నానే."

"మర్యాద మీది, జీతం నాది," అంది కృపామణి. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే డెరిక్‌కి తేలికయ్యేది, తనూ పెంచేవాడు. "వాళ్ళు మనవాళ్ళు కాదండీ. మొహమాటానికి వద్దంటే ఇంకోసారి బతిమాలి పెట్టరు. వద్దంటే వద్దనే అనుకుంటారు. పదమూడేళ్ళ నుంచి ఈ దేశంలో ఉంటున్నారు, మీకు తెలీదా? ఆఫీసులో కాఫీ వద్దని మర్యాదకి అన్నందుకు మీటింగంతా గొంతెండి కూర్చున్నానని మీరేగా చెప్పారు?"

జవాబు లేనప్పుడు మగవాళ్ళకి కోపం తోడొస్తుంది. వచ్చింది.

"అయితే ఇప్పుడు తప్పంతా నాదా? నీ పని చూసి ఇవ్వాలి గానీ, గ్రిల్ దగ్గర మొగుడన్న ముక్క పట్టుకుని ఎవడైనా ఉద్యోగం తీసేస్తాడా? నిన్నెందుకు అడగలేదు వాడు?"

"అడగలేదు. దానికి వాణ్ణి వేరే అడుగుతాను. కానీ మీరెందుకు అడగలేదు? ఇంటికొచ్చాక కనీసం చెప్పలేదు. ఏడాదయింది. ఈ ఏడాదంతా నేను పోస్టు వస్తుంది, వస్తుంది అంటూనే ఉన్నా. మీరు వింటూనే ఉన్నారు."

"నిజంగా మర్చిపోయా మణీ."

"మర్చిపోయారు. మీకది మాటే కాబట్టి మర్చిపోయారు." ఆమె తువ్వాలు బల్ల మీద పడేసింది. "అసలు నిజం నేను చెప్పనా? పెళ్ళాం జీతం కోసం చూస్తోందంటే మీ జీతం చాలట్లేదని వాళ్ళనుకుంటారని మీకు నామోషీ. మీ పరువు కాపాడుకోడానికి నా కష్టం ధారపోశారు."

అబిగెయిల్ తన గది తలుపు మెల్లిగా మూసుకుంది.

"సేవని సేవ అంటే తప్పేవిటి? చర్చిలో నువ్వు సండే స్కూలు చెబుతావు, దానికి డబ్బడుగుతావా?" అన్నాడు డెరిక్. అన్న వెంటనే ఎందుకన్నానా అనుకున్నాడు, కానీ నోరు జారింది.

ఈసారి మాట్లాడింది హెప్సీబమ్మ.

"ఒరే డెరిక్కూ, నేను మిషన్ ఆసుపత్రిలో చేసింది ఏవిట్రా?"

"సేవే అమ్మా."

"రోగుల మలమూత్రాలెత్తేను. కలరా వార్డులో పడుకున్నాను. దొరసాని కూడా మమ్మల్ని సేవకురాళ్ళనే పిలిచేది. అయినా ఒకటో తారీకు వచ్చేసరికి సంతకం పెట్టి జీతం పుచ్చుకున్నాను. ఆ జీతంతోనే నువ్వు ఇంజినీరింగ్ చదివేవు. నీది సేవ కదమ్మా, ఈ నెల జీతం వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని ఎవరైనా అనుంటే, మీ నాన్న సరేనండీ అనుంటే, నువ్వివాళ ఎక్కడుండేవాడివి?"

"నువ్వే కదమ్మా నేర్పావు. ఎవరికీ లేదనకూడదు, ఒట్టి చేతులతో పంపకూడదు అని."

"నీది ఇవ్వమన్నాన్రా. ఇంకొకళ్ళది ఇచ్చెయ్యమన్నానా?"

డెరిక్ కుర్చీలో కూలబడ్డాడు. కృపామణి అత్తగారి వైపు చూసింది. ఈ ఇంట్లో తన తరఫున ఒక మాట పలుకుతుందని ఆమె అనుకోలేదు. అందులోనూ ఆ వైపు నుంచి. కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయల మీదకి నెట్టేసింది.

బెల్ మోగింది.

*

లిండ్నర్ పొడుగాటి మనిషి, అరవై దాటినవాడు. గుమ్మంలోనే బూట్లు విప్పాడు. చేతిలో పూలగుత్తి. వెనకాల యోనాస్, మెడ వంచుకుని, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు.

పూలగుత్తిని కృపామణి అందుకోలేదు. అది కాసేపు గాల్లో ఉండి, చివరికి చిక్కుడుకాయల గిన్నె పక్కన చేరింది.

డెరిక్ అప్పటికే లేచి కుర్చీలు జరుపుతున్నాడు. లిండ్నర్ గాడు రానీ అన్న మనిషే, "కూర్చోండి హెర్ లిండ్నర్, టీ తాగుతారా?" అంటున్నాడు. అలవాటు అలాంటిది.

"టీ వద్దు," అన్నాడు లిండ్నర్. వద్దంటే వద్దే. "కృపా, ఐదు దాటింది. పడవలు ఈ సాయంత్రం చేరకపోతే పిల్లలు రేపు పోటీ చెయ్యలేరు. నీ కోపం నాకు అర్థమవుతోంది. కానీ కోపం నా మీదయితే శిక్ష పిల్లలకెందుకు?"

కృపామణికి మండింది. ఆ మాట అబద్ధమైతే ఇంత మండేది కాదు. ఏడాదంతా మంచులో, వానలో ఆ అమ్మాయిల వెనకాల మోటారు బోటులో తిరిగింది ఆమే. వాళ్ళలో ఎవరికి చెయ్యి నొప్పో, ఎవరికి రేపటి పోటీ కాలేజీలో ఆఖరి పోటీయో లిండ్నర్‌కి తెలియదు. ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే నాలుగేళ్ళుగా ఆమె చేత ఊరికే పని చేయించుకోగలిగారు.

"పిల్లల సంగతి మీరు నాకు చెప్పొద్దు," అంది జర్మన్‌లో. "ఒకటి చెప్పండి. సోమవారం నుంచి నా పనుల్లో ఏం తగ్గుతాయి?"

లిండ్నర్ ఆలోచించాడు. నిజాయితీ గల మనిషే, అదే చిక్కు. "ఏమీ తగ్గవు. యోనాస్ నీకు సహాయంగా ఉంటాడు. అనుభవం లేదు కదా, నువ్వే నేర్పాలి."

"అంటే జీతం తీసుకునేవాడికి పని నేర్పడం కూడా నా పనే. జీతం లేకుండా."

"చూడు, మా దగ్గర జీతం తీసుకోని సేవకి చాలా గౌరవం ఉంది. నేనూ ఇరవై ఏళ్ళుగా ఊరికే చేస్తున్నాను."

"మీకు పెన్షన్ వస్తోంది హెర్ లిండ్నర్."

అతను గొంతు తగ్గించాడు. "యోనాస్ వేరే ఊరికి వెళ్ళిపోతానన్నాడు. వాడిని నిలుపుకోవాలంటే జీతం ఇవ్వాలి. నీకు అవసరం లేదని మీ భర్తే చెప్పారు. నేను బోర్డులో అదే చెప్పాను. నేను కల్పించలేదు."

అందరూ డెరిక్ వైపు తిరిగారు.

పాపం, డెరిక్ చెప్పాలనే నిలబడ్డాడు. తప్పు దిద్దుకోవాలనే గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ఇంటికొచ్చిన మనిషి, బూట్లు విప్పి, పూలు తెచ్చిన పెద్దమనిషి. డెరిక్ నోట్లోంచి వచ్చిన జర్మన్ మాట ఇది.

"చూడండి, ఇది డబ్బు విషయం కాదు, అసలు బాధేమిటంటే..."

"డబ్బు విషయమే," అంది కృపామణి.

బల్ల మీద ఆమె అరచెయ్యి గట్టిగా పడింది. చిక్కుడుకాయలు గిన్నెలో ఎగిరాయి. డెరిక్ మాట అక్కడే ఆగిపోయింది.

"డబ్బు విషయమే. నాకు జీతం కావాలి. అవసరం ఉన్నా లేకపోయినా కావాలి, పని నేను చేస్తున్నాను కాబట్టి కావాలి." ఆమె యోనాస్ వైపు తిరిగింది. "నువ్వు సంతకం పెట్టేశావా?"

"పొద్దున పెట్టాను," అన్నాడు యోనాస్ నేల చూస్తూ. "నువ్వే వద్దన్నావని చెప్పారు కృపా. నిన్నోసారి అడగాల్సింది. అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు కావాలంటావేమోనని భయమేసింది."

ఆ గదిలో ఆ పూట ఎవరైనా సూటిగా చెప్పిన నిజం అదొక్కటే. వాడి మీద కోపం నిలబెట్టుకోవడానికి ఆమె చాలా కష్టపడాల్సి వచ్చింది.

డెరిక్ మళ్ళీ గొంతు విప్పాడు. ఈసారి లిండ్నర్ వైపు చూడలేదు, బల్ల వైపు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు నేను నా భార్యని అడగకుండా చెప్పాను. అలా చెప్పే హక్కు నాకు లేదు. మాకు డబ్బవసరం లేదన్నది కూడా నిజం కాదు."

హెప్సీబమ్మకి జర్మన్ రాదు. కొడుకు మెడ వంగిన తీరు చూసి తల ఆడించింది.

లిండ్నర్ పూలగుత్తిని పక్కకి జరిపాడు. "అయితే సోమవారం బోర్డుకి వచ్చి ఇదే చెప్పండి," అన్నాడు. "నేను అడ్డుపడను. కానీ ఒప్పందం జరిగిపోయింది. దాన్ని మార్చగలనని మాటివ్వలేను. ఇప్పుడు నాకు కావలసింది బండి. క్లబ్బులో పాత మెంబర్ ఒకాయన ఉన్నాడు, లారీ డ్రైవరు. ఫోన్ చేస్తే వస్తాడు. తాళాలు ఇవ్వండి చాలు."

కృపామణి దీన్ని ఊహించలేదు. ఆ ఊళ్ళో ట్రైలర్ నడపగలిగేది తనొక్కతే అనుకుంది. ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క పట్టే. అదీ జారిపోతోంది. బండి కదిలిపోతే రేపు పోటీ జరుగుతుంది, పిల్లలు పతకాలు తెస్తారు, సోమవారం బోర్డులో అందరూ సానుభూతితో తలలాడిస్తారు. ఆ తర్వాత ఆమె గోడు ఎవరికీ పట్టదు.

ఇవ్వకపోతే ఆ ఎనిమిది మంది అమ్మాయిలు రేపు ఒడ్డున నిలబడాలి.

కింద వీధిలో ఫ్రావ్ క్రేమర్ కారు హారన్ కొట్టింది.

కృపామణి జేబులోంచి తాళాల గుత్తి తీసింది. లిండ్నర్‌కి ఇవ్వలేదు, యోనాస్‌కి ఇవ్వలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి మొగుడి అరచేతిలో పెట్టింది. తెలుగులో, అందరూ వింటుండగా, ఒక్కొక్క మాటా విడివిడిగా అంది.

"ఆ రోజు నాది మీరే ఇచ్చేశారు. ఇవాళ కూడా మీరే చూసుకోండి. ఇస్తారో, లేదంటారో, మీ నోటితోనే చెప్పండి. నేనిక్కడే నిలబడి వింటాను."

మాటలు అర్థం కాకపోయినా తాళాలు ఎవరి చేతికి వచ్చాయో లిండ్నర్‌కి కనిపిస్తూనే ఉంది. మర్యాదగా ఒకడుగు ముందుకు వేసి, డెరిక్ వైపు చెయ్యి చాచాడు.

"బిట్టే," అన్నాడు. దయచేసి అని.

డెరిక్ గుప్పిట బిగిసింది. ఇంటికొచ్చిన మనిషి చాచిన చెయ్యి ఎదురుగా ఉంది. అలాంటి చేతిని ఖాళీగా పంపడం బుద్ధెరిగిన నాటి నుంచి అతనికి చేతకాలేదు.